తెలుగు రాని డబ్బా

"ఊరికే ఇచ్చినదానికి దిక్కెవరే దుర్గా? రేపు ఇది చెడిపోతే ఎవరి గుమ్మం ఎక్కుతాం మనం?"

నా కూతురు అప్పటికి ఆ కంప్యూటర్ మీటైనా నొక్కలేదు. సొసైటీ గదిలో నేల మీద కూర్చుని చిక్కుపడ్డ వైర్లు విడదీసుకుంటోంది. నేను గుమ్మంలో బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. పని లేక కాదు. పిల్ల కరెంటు దగ్గర ఉంటే ఇంట్లో నాకు కాలు నిలవదు.

"ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదమ్మా. దీన్ని చేసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు."

"ప్రపంచమంతా ఉన్నారంటే ఎక్కడా లేరనేగా."

అది నవ్వలేదు. నవ్వే ఓపిక దానికి ముందే అయిపోయింది.

మాది యానాం దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళం చేప ఎండబెట్టి అమ్ముకుంటాం. ఇదివరకు ఎవరి బుట్ట వాళ్ళదే. ఆశాజ్యోతి వదిన పూనుకుని మా అందరి చేతా సొసైటీ పెట్టించింది. ఇప్పుడు మా ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు లారీ ఎక్కి విజయవాడ పోతున్నాయి. ఎవరు ఎంత తెచ్చారు, ఎంత పోయింది, గదిలో ఎంత మిగిలింది, అదంతా కంప్యూటర్లో ఉండాలంది వదిన. బీకాం చదివి ఇంట్లో ఉన్న మా దుర్గ నేను చేస్తానంది. కొనుక్కునే సాఫ్ట్‌వేర్ మన సొసైటీ మోయలేదు, లైనక్స్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, దాని మీద వ్యాపారం నడిపే ఇంకో ఉచితమైనది ఎక్కిస్తానంది. అదేంటో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదంటే నాకు ముందు భయమే.

పాత కంప్యూటర్‌ని వాళ్ళ నాన్నే యానాంలో ఒక కొట్టు నుంచి మోసుకొచ్చాడు.

"రాముడు యానాం వెళ్ళి సీసా కాకుండా డబ్బా తేవడం ఇదే మొదలు కదే వీరవేణీ," అని చేపలు ఆరబోసేచోట ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, బాగుండే వస్తువైతే ఆ కొట్టువాడు ఎందుకు వదిలించుకున్నాడా అని లోపల పీకుతూనే ఉంది.

దాన్ని ఎక్కించడం ఒక్కరోజుతో తెమల్లేదు. అరువు తెచ్చిన తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులాగా పైకి పోయేవి. ఉన్నట్టుండి ఆగిపోయేవి.

"పోయిందా?"

"లేదమ్మా."

"మరెందుకు ఆగింది?"

"పని చేసుకుంటోంది."

"పని చేసేవాళ్ళు కదలాలి కదే."

చివరికి ఎక్కింది. కొట్టువాడి తెర వాడికి తిరిగి ఇచ్చేశారు. ఇక దీనికి తెర అక్కర్లేదమ్మా, నా ల్యాప్‌టాప్‌లోంచే దీన్ని నడపొచ్చు అంది దుర్గ. అప్పట్నుంచి ఆ డబ్బా మొహం లేకుండా మూలన కూర్చుని గుర్రుమంటూ ఉండేది. దాని ముందు నుంచి నడవాలంటే నాకు ఇబ్బందిగా ఉండేది.

ల్యాప్‌టాప్‌లో అంతా తెలుగులోనే పెట్టింది దుర్గ. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. అయినా నా పేరు నేను చదువుకోగలిగాను. వీరవేణి, పక్కన ఎండు నెత్తళ్ళు, ఆ పక్కన బరువు. బాగానే ఉంది. సరుకు తెచ్చినవాళ్ళకి ఇచ్చే చీటీ అచ్చు వేసి చూద్దామని డబ్బాకి తగిలించిన అచ్చు మిషన్ మీట నొక్కింది. కాగితం బయటికొచ్చింది. అంకెలున్నాయి. పేరు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళున్నాయి. చేప పేరు ఉండాల్సిన చోటా గళ్ళే. పిల్లలు తొక్కుడుబిళ్ళకి గీసుకున్నట్టు, వరసగా.

దుర్గ మళ్ళీ అచ్చు వేసింది. మళ్ళీ గళ్ళే.

ఆశాజ్యోతి వదిన ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇంగ్లీషులో అయితే సరిగ్గా వస్తోంది అత్తా. ప్రస్తుతానికి అలా ఇద్దామా?" అంది దుర్గ.

"ఇదివరకు షావుకారు ఇంగ్లీషులోనే ఇచ్చేవాడమ్మా. అది చదవలేకేగా ఈ సొసైటీ పెట్టుకున్నది." వదిన గొంతు మెత్తగానే ఉంది. "సోమవారం లారీ వస్తుంది. అప్పటికి చీటీ తెలుగులో రాకపోతే కాకినాడ నుంచి కంపెనీవాళ్ళని పిలుస్తాను. వాళ్ళ మనిషినే ఇక్కడ కూర్చోబెడతారు. ఏమీ అనుకోకు."

నేను అనుకున్నాను. ఇక్కడ పని లేకపోతే దుర్గ భీమవరం వైపు రొయ్యల కంపెనీకి పోతుంది. దాని స్నేహితురాలు రమ్యశ్రీ అక్కడ హాస్టల్లో ఉండి రోజూ ఫోను చేసి రమ్మంటోంది. అలాంటి చోట్ల గ్యాసు లీకై ఆడపిల్లలు పడిపోయారని టీవీలో చూశాను. ఏ కంపెనీయో, ఏ ఊరో గుర్తు లేదు. పిల్లల్ని మోసుకుపోవడం మాత్రం గుర్తుంది.

ఆ వారమంతా దుర్గ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళందరూ ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోటు ఒకటుందట. అందులో వెతికి వెతికి ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇటు చూడు."

తెర మీద ఎవరిదో చీటీ ఫోటో. అంకెలు, గళ్ళు. అచ్చం మా చీటీయే.

"మనదేగా ఇది? అందరికీ చూపించేశావా?"

"మనది కాదు. బర్మా మనిషి అనుకుంటా. వాళ్ళ అక్షరాలు కూడా ఇలాగే గళ్ళుగా వచ్చాయట. నాలుగేళ్ళ కిందట అడిగాడు."

"ఎవరైనా ఏం చెయ్యాలో చెప్పారా?"

"ఎవరూ పలకలేదు."

ఫోటో కింద అంతా ఖాళీ. ఆ మనిషి ఎన్నాళ్ళు చూసి ఉంటాడో అనిపించింది. దుర్గ కూడా అక్కడే తన ప్రశ్న రాసి పెట్టింది. దాని కిందా ఖాళీయే.

వాళ్ళ నాన్న అన్నం తింటూ విన్నాడు. "సెట్టులో ఎవరు పిలిచినా విన్నవాడు పలకాలే అమ్మడూ. అది సముద్రం మీద రూలు."

సెట్టంటే బోటులో ఉండే వైర్‌లెస్. ఒకసారి ఇంజిన్ ఆగిపోయి ఈయన నడి సముద్రంలో ఉండిపోయాడు. పిలవగా పిలవగా ఒరిస్సా బోటువాడెవడో పలికాడు. వాడి మాట ఈయనకి రాదు, ఈయన మాట వాడికి రాదు. అయినా వచ్చి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఆ కబురు తెలిసేదాకా నేను ఒడ్డున కూర్చుని ఈయనకి చెయ్యాల్సినవన్నీ మనసులో చేసేశాను.

"ఇక్కడ అలాంటి రూలేమీ లేదు నాన్నా," అంది దుర్గ. "ఓపిక ఉన్నవాడు పలుకుతాడు."

ఆదివారం మధ్యాహ్నం దాన్ని బలవంతంగా అన్నానికి ఇంటికి పంపి గదిలో నేను కూర్చున్నాను. సముద్రం మీద మబ్బు పట్టింది. మొదటి ఉరుము దూరంగా ఉరిమింది. రెండోది నెత్తి మీదే ఉరిమినట్టు రేకులు అదిరాయి. మాకు పిడుగంటే ముందు చేసే పని ఒకటే. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకెయ్యడం. పక్కింటివాళ్ళ టీవీ అలాగే కదా మాడిపోయింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, చేతికి కొంగు చుట్టుకుని, గోడ దగ్గరికి వెళ్ళి లాగేశాను.

మూలన గుర్రుమనడం ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

దుర్గ తడుచుకుంటూ వచ్చింది. ప్లగ్గు చూసింది, నన్ను చూసింది.

"దాన్ని అలా పీక్కూడదమ్మా. పని మధ్యలో ఉంటుంది."

తిడితే బాగుండేది. గొంతు కూడా పెంచలేదు. వాన వెలిశాక ప్లగ్గు పెట్టింది. డబ్బా గుర్రుమంది గానీ ల్యాప్‌టాప్‌కి మాత్రం దొరకలేదు. దుర్గ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. నేనే దాన్ని భీమవరం బస్సు ఎక్కించేశానని నాకు అర్థమైపోయింది.

"దానికి ఏమైందో దాన్నే అడగాలి," అంది కాసేపటికి కళ్ళు తెరవకుండా. "తెర కావాలి."

కొట్టు ఆదివారం తియ్యరు. వాళ్ళ నాన్న ఇంట్లో టీవీ విప్పి, మళ్ళీ వాన వస్తే తడవకుండా టార్పాలిన్ పట్టా కప్పి తెచ్చాడు.

"మీ అమ్మ సీరియల్ కూడా ఇందులోనే చూసేస్తుంది ఇక," అన్నాడు దించుతూ. 

టీవీ మీద మళ్ళీ ఆ నల్ల తెర. డబ్బా మధ్యలో ఆగి ఏదో అడుగుతోంది. దుర్గ చదివి మీట నొక్కింది. అక్షరాలు పైకి పోయాయి, ఆగాయి, మళ్ళీ పోయాయి. నేను ఏమీ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

"బతికింది," అంది దుర్గ.

అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని లోపల దాచిన చీటీల వరస తీసింది. ఒక్కో చీటీకి ఒక్కో మనిషి పేరు పెట్టింది తను, తెలుగులో. టీవీ మీద మాత్రం పేర్లు లేవు. గళ్ళున్నాయి.

"అయ్యో, నా మూలాన అవి కూడా పోయాయా?" అన్నాను.

దుర్గ చెయ్యెత్తి ఆగమంది. ల్యాప్‌టాప్ తెరిచి టీవీ పక్కన పెట్టింది. అవే చీటీలు. ఇందులో వీరవేణి, అందులో గళ్ళు. ఆ రెంటినీ చాలాసేపు చూసింది.

"అమ్మా, దీనికి తెలుగు రాదు."

"ఇన్నాళ్ళూ వచ్చిందిగా?"

"వచ్చింది నా ల్యాప్‌టాప్‌కి. మనం తెలుగు చూస్తున్నది దీంట్లో. కాగితానికి చీటీ తయారుచేసేది ఆ డబ్బా. దాని లోపల తెలుగు అక్షరాలే లేవు. నేను పెట్టలేదు, అదీ అడగలేదు."

"మరి ఎక్కడ దొరుకుతాయి? కొనాలా?"

"ఊరికే దొరుకుతాయమ్మా," అంది. అప్పుడు కొంచెం నవ్వింది.

ఫోన్‌లో నెట్ పెట్టి అక్షరాలు తెప్పించింది. డబ్బాని పద్ధతిగా ఆపి, పద్ధతిగా లేపింది. మిషన్ కాగితం కక్కింది. దుర్గ తీసుకోలేదు, నన్ను తీసుకోమంది. నాకు చేతులు రాలేదు. వాళ్ళ నాన్నే తీసి నా ముందు పెట్టాడు.

వీరవేణి. ఎండు నెత్తళ్ళు.

బొటనవేలితో రాసి చూశాను. చెరగలేదు.

ఆశాజ్యోతి వదినకి కబురు పంపితే వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ పైకి చదివింది. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది. "రేపు లారీ తొందరగా వస్తుంది అమ్మాయ్. కుర్చీ నువ్వే తెచ్చుకో, ఇక్కడున్నది ఊగుతోంది," అని వెళ్ళిపోయింది.

నాకు ఇంకా కుదుటపడలేదు. రేపు మళ్ళీ గళ్ళొస్తే? అందరి ముందూ వస్తే? అయినా ఒళ్ళంతా నొప్పులుగా ఉంది, ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

"పదవే. పొద్దున్నించి సగం అన్నమే తిన్నావు."

దుర్గ లేవలేదు. ల్యాప్‌టాప్‌లో ఏదో కొడుతోంది, ఇంగ్లీషులో.

"ఇంకా ఏంటి? అయిపోయిందిగా."

"ఆ గళ్ళాయన ఉన్నాడు కదమ్మా. ఆయనకి."

"నాలుగేళ్ళైందన్నావు. ఈపాటికి ఆ వ్యాపారం మూసేసి ఉంటాడు. మనిషి ఉన్నాడో లేడో కూడా."

"ఉండొచ్చు. లేకపోవచ్చు."

"చూస్తాడంటావా?"

అది కొడుతూనే ఉంది. వాళ్ళ నాన్న టీవీకి పట్టా చుడుతున్నవాడు ఆగాడు.

"ముందు బోటు పేరు చెప్పావా అమ్మడూ? ఎవరు పలుకుతున్నారో తెలియాలి వాడికి."

"చెప్పాను నాన్నా. ఊరి పేరు కూడా రాశాను."

నేను మళ్ళీ బుట్ట మీద కూర్చున్నాను. "ఏం రాశావో తెలుగులో చెప్పు," అన్నాను.

దుర్గ వేలు మీట మీద పెట్టుకుని, తెర చూస్తూ మెల్లగా చెప్పింది.

"మాకూ ఇలాగే గళ్ళు వచ్చాయండి. మీ డబ్బాకి మీ అక్షరాలు రావు. అవి ముందు దాంట్లో పెట్టండి, పేర్లు వస్తాయి. ఆలస్యమైంది. మాకూ ఇవాళే తెలిసింది."