తోట అమ్మీసినాం

కృపావతి మొగుడు బర్నబాలో లోపమే లేదని ఎవరైనా అంటే, వాళ్ళు అతనితో కాపురం చేయలేదని అర్థం. తాగడు, కొట్టడు, ఆదివారం గుడి మానడు. కానీ ఇరవై రెండేళ్ళలో 'తప్పు నాది' అన్న రెండు మాటలు అతని నోటి నుంచి ఊడిపడలేదు. ఒకసారి కోటబొమ్మాళి సంతకని పలాసలో రైలెక్కి, ఎదురు దిక్కున ఉన్న ఇచ్ఛాపురంలో దిగాడు. "రైలు తప్పుదారిని వచ్చీసింది" అన్నాడు. ఎక్కినవాడి తప్పేమీ లేదు. అలాంటి మనిషిని ఊరివాళ్ళు సంఘ పెద్దను చేశారు. అది తలుచుకున్నప్పుడల్లా కృపావతికి దేవుడి ఓపిక మీద గౌరవం పెరిగేది.

తన ఓపిక మాత్రం ఏప్రిల్‌లో ఒక ఉదయం అయిపోయింది.

కూలికి జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళేసరికి తోట చుట్టూ సిమెంటు స్తంభాలు పాతుతున్నారు. కవిటి దారిలో నలభై ఇళ్ళవాళ్ళ తోట అది. తాతలు ఇసుక మీదికి మట్టి మోసి, కుండలతో నీళ్ళు పోసి పెంచిన జీడి, కొబ్బరి. ఇప్పుడు దాని మొగదల 'మన్మథరావు గారి తోట' అని బోర్డు. మన్మథరావుకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఏటా ఈ తోట కాపు కొనేది అతనే. ఊరి ఆడవాళ్ళు జీడి సొనకు చేతులు నల్లబడేలా పిక్కలు కొట్టేదీ అతని దగ్గరే.

ఆ నలభై ఇళ్ళవాళ్ళలో ఒకడైన సింహాచలం తన చెట్టు కింద కూర్చుని లేవనన్నాడు. మన్మథరావు మనుషులు అతని ఎడమ చెయ్యి పట్టుకుని ఈడ్చారు. డయాలసిస్‌కు సూదులు గుచ్చే చెయ్యి అది. ఇంట్లోవాళ్ళు కూడా దాన్ని పసిబిడ్డను ముట్టుకున్నట్టు ముట్టుకుంటారు. నెత్తురు చిమ్మింది. కృపావతి కొంగు చింపి, నెత్తురు ఆగేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకుంది. మన్మథరావు కారు దిగకుండానే అన్నాడు:

"అమ్మీసిన తోటలో మీకేటి పని?"

కృపావతి తలెత్తి అతని నోటిని చూసింది. ముఖాన్ని కాదు, నోటినే.

ఆ మాట ఊరికి కొత్తదేం కాదు. ఈ ఉద్దానం ప్రాంతంలో తోట అమ్మడమంటే ఆ ఏటి కాపు అమ్మడం. కాయ కొన్నవాడిది, చెట్టూ మన్నూ మనవి. తాతలనాటి వాడుక. ఈసారి మన్మథరావు మూడేళ్ళ కాపుకని చెప్పి అందరినీ వ్యానులో టెక్కలి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాడు. కాగితాల మీద సంతకాలు పెట్టించి, బిర్యానీ కూడా పెట్టించాడు. తర్వాత పట్టా పేరు మార్చేముందు విచారణకు వచ్చిన అధికారి సంఘ పెద్దను అడిగాడు: "తోట అమ్మారా?" బర్నబా అబద్ధమాడడు. "అమ్మీసినామండి" అన్నాడు. అధికారి రాసుకున్నాడు. నలభై ఇళ్ళ ఆస్తి ఒక నిజం చెప్పినందుకు పోయింది.

ఆ మధ్యాహ్నం గుడి పాకలో సంఘం కూడింది. ఆ ఊళ్ళో సంఘాలు రెండు. ఆదివారం పాటలు పాడేది ఒకటి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ కూలి కోసం కొట్లాడేది ఒకటి. ఆ రోజు రెండూ ఒకే చాప మీద కూర్చున్నాయి.

"ఆడి ఫ్యాక్టరీ తగలెట్టీదాం!" అంది రమణి. కూలి సంఘానికి నోరు ఆమే.

"పగ దేవుడికి ఒగ్గీయాల" అన్నాడు బర్నబా.

"దేవుడికి సేతినిండా పనుంది మావా" అంది కృపావతి. "ఈ ఒక్కటీ మనం సూసుకుందాం."

"నానేటి, అబద్దం సెప్పినానా? ఆయన అడిగినాడు, నాను సెప్పినాను. అడగడం రానోడిది తప్పు."

"అవును, రైలుదీ తప్పే."

పాకంతా నవ్వింది. గోడకు చేరబడి కూర్చున్న సింహాచలం మాత్రం నవ్వలేదు. అతని చేతికి కట్టిన కొంగు గుడ్డ నల్లగా అట్టకట్టింది. అది చూసి నవ్వులు ఆగిపోయాయి.

కృపావతి లేచి నిలబడింది. "మాట మీద పోయిన తోట మాట మీదే రావాల. అదే మాట ఆడి నోట్లోంచి పీకాల. పీకినప్పుడు ఆడికి నొప్పెట్టాల కూడా. కోటబొమ్మాళిలో ఆడికి మామిడితోట ఉంది కదేటి? ఈ ఏడు మామిడికాయల యాపారి ఢిల్లీబాబుకి అమ్మీసినాడంట. ఫ్యాక్టరీ గుమస్తా అంతుంటే నాను యిన్నాను."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా రమణి ఎగిరి గంతేసింది. "ఓలమ్మ! అమ్మీసినాడా!"

మర్నాడు ఫ్యాక్టరీలో రెండు వందల మంది ఆడవాళ్ళు ఒక్క పిక్క కొట్టకుండా కోటబొమ్మాళి బయల్దేరారు. మగవాళ్ళు తమ తోటలోని స్తంభాలు పెకలించి ట్రాక్టర్లకెత్తారు. ముళ్ళతీగ చుట్టలు చుట్టి వేశారు. సింహాచలం తను డయాలసిస్‌కు వెళ్ళే ఆటోలో ముందు బయల్దేరాడు. బర్నబా గునపం పట్టుకుని అందరికన్నా చివర ట్రాక్టరెక్కాడు.

మన్మథరావు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చేసరికి మామిడితోటకు సగం కంచె పడింది. తను కొన్న స్తంభాలే. తను కొన్న తీగే.

"నా తోటలో ఏటే ఇది? ఎవరు పాతమన్నారు?"

"నీ తోటేటి బాబూ?" అంది కృపావతి. "ఇది ఢిల్లీబాబు తోట. అడగండి."

మామిడికాయల బుట్టల మధ్య నిలబడ్డ ఢిల్లీబాబు బిత్తరపోయాడు. ఎస్సై అతని వైపు తిరిగాడు. "తోట కొన్నావా?"

"కొన్నాను సార్. కానీ..."

"ఈయన అమ్మాడా?"

"అమ్మినాడు సార్. ప్రతి ఏడూ..."

"అమ్మీసిన తోటలో నీకేటి పని?" అంది కృపావతి. ఆ మాటను రమణి అందుకుంది, రమణి నుంచి రెండు వందల గొంతులు అందుకున్నాయి. "అమ్మీసిన తోటలో నీకేటి పని!" మన్మథరావు ఎటు తిరిగితే అటు అదే మాట.

"అమ్మింది కాపే!" గొంతు చిరిగేలా అరిచాడతను. "తోట అమ్మినామంటే కాపు అమ్మినామని! ఇక్కడా అంతే, మీ ఉద్దానంలోనూ అంతే! ఎవడికి తెలీదే ఆ సంగతి!"

రమణి ఫోను ఎత్తి పట్టుకుని అంతా రికార్డు చేస్తోంది.

"గాలికి సరిగ్గా ఇనబడనేదు బాబూ" అంది. "ఇంకోపాలి సెప్పు. రాసుకున్న ఆ ఆఫీసరుకి ఇనిపించాల."

మన్మథరావు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆ మూసుకున్న నోటిని చూస్తే కృపావతికి ప్రార్థనలో కూడా దొరకని శాంతి కలిగింది. దీనికి ఆదివారం క్షమాపణ అడగాలనుకుంది. మళ్ళీ, అక్కర్లేదనుకుంది.

అయినా ఎస్సై తన పైవాళ్ళు చెప్పినట్టే చేశాడు. పరాయి స్థలంలో జొరబడ్డారని కృపావతిని, రమణిని, ఇంకో పదిమందిని వ్యాను ఎక్కించాడు. మిగతావాళ్ళు వ్యాను ముందు రోడ్డు మీద కూర్చున్నారు. సింహాచలం ఆటో దిగివచ్చి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అందరికన్నా ముందు కూర్చున్నాడు.

"అందర్నీ ఎక్కించండి! సాలకపోతే ఇంకో వేను తెప్పించండి!" అని రోడ్డు మీద కూర్చున్నవాళ్ళు అరిచారు.

అప్పుడు జనంలోంచి బర్నబా వచ్చాడు. గునపం కింద పెట్టి, వ్యాను కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఎస్సై గారూ, నన్నూ ఎక్కించండి. ఆ రోజు ఆ మాట అనీసినోడిని నాను." తర్వాత ఏదో గొణిగాడు.

"ఏటన్నావు మావా?" కిటికీలోంచి కృపావతి అడిగింది. నిజానికి ఆమెకు వినబడింది.

బర్నబా రోడ్డు మీద కూర్చున్న నలభై ఇళ్ళవాళ్ళ వైపు తిరిగాడు. గుడిలో సాక్ష్యం చెప్పినప్పటిలా గొంతెత్తాడు.

"తప్పు నాది. కాపు అని సెప్పాల, తోట అనీసినాను. తప్పు నాదే."

కాస్త ఆగి, భార్య వైపు చూశాడు.

"ఆ రైలు కూడా నానే తప్పెక్కినాను."