బావ కట్టిన పడవ

అల్మారాల మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, పడవ ముక్కున కొట్టిన మేకు నుంచి దారాన్ని వెనక చెక్క నడిమికి లాగి పట్టాడు. దారం తిన్నగానే ఉంది. దాని కింది నడిమి చట్రం మాత్రం రెండు వేళ్ళంత ఎడమకు జరిగి ఉంది. దారాన్ని విప్పి, అటు కొసను ఇటు మార్చి కట్టి చూశాడు. రెండు వేళ్ళూ రెండు వేళ్ళే. పొద్దుటి నుంచి ఇదే పని. కనుబొమల నిండా చెక్కపొడి, గోళ్ళలో ఎండిన జిగురు, చెవి మీద ఉన్న పెన్సిల్ కోసం షెడ్డంతా వెతుకులాట.

ఆ వీధిలో సగం వంటగదుల అల్మారాలు ఆయన చేసినవే. తలుపు తెరిస్తే చప్పుడు రాదు, మూస్తే సందు కనపడదు. ఆ పేరు చూసే అక్క మొగుడు తన పాత ప్లైవుడ్ తెరచాప పడవను తోయించుకొచ్చి ఈ షెడ్డులో పెట్టించాడు. "వంకర కనబడితే నీకు ఒళ్ళుమంట కదరా బావమరిదీ. దీన్ని నువ్వే బాగుచెయ్యాలి. ఒక్కసారి నీళ్ళమీద తిరిగొస్తే చాలు నాకు," అన్నాడు.

అది బావ పెళ్ళికి ముందు తన చేతులతో కట్టుకున్న పడవ. షెడ్డుకు పంపేముందు, దాని వెనక తన పేరు చెక్కి బిగించుకున్న చెక్కను మాత్రం ఊడదీసి ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. ఆయన ఏదీ పూర్తి చేయడని ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవారు. మూడు ఉద్యోగాలు మధ్యలో వదిలేశాడు, మేడ మెట్లు సగంలో ఆపేశాడు. ఎవరేమన్నా "పడవ కట్టాను కదా" అనేవాడు.

తప్పు ఎక్కడ జరిగిందో మేస్త్రికి తెలుసు. అల్మారాకు చట్రమే ప్రాణం. పలకలన్నీ ఊడదీసినా అది తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. ఆ అలవాటుతోనే, పుచ్చిపోయిన పలకలను రెండు పక్కలా ఒకే పూట ఊడబెరికి, తీరిగ్గా టీ తాగి వచ్చి టేపు పట్టుకున్నాడు. ఇలాంటి పడవను బిగించి ఉంచేది పలకేనని ఆయనకు తట్టలేదు. బిగింపు వదలగానే సన్నని చట్రాలు మెలి తిరిగాయి. మెలి తిరిగినదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, అంతే శ్రద్ధగా కొత్త పలకలు కోసి బిగించాడు.

నిన్న సాయంత్రం బావ వచ్చాడు. గుండెజబ్బు మనిషి, షెడ్డు గుమ్మం దాకా రావడానికే రెండుసార్లు ఆగాడు. పడవ ముక్కు దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదేమిట్రా, అటు పోతోంది?"

మేస్త్రి నోట్లోంచి ఆ మాట ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదు. "నువ్వు కట్టినప్పుడే అలా ఉంది బావా. నేను ఉన్నదున్నట్టు కొలిచాను."

బావ ఏదో వెటకారం ఆడతాడనుకున్నాడు. ఆడి ఉంటే తనూ నవ్వేసి నిజం చెప్పేసేవాడేమో. బావ మూసిన కన్ను తెరిచి, పలక మీద అరచెయ్యి ఆనించి "అలాగా" అన్నాడు. "అందుకేనేమో ఎప్పుడూ ఎడమకి లాగేది. గాలి అనుకునేవాణ్ణి," అన్నాడు.

మేస్త్రికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ముసలాయన వెనక్కి తిరిగి, దారిలో గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. పరాయివాడి ముందు కూడా ఆడని అబద్ధం సొంత బావ దగ్గర ఆడానని మేస్త్రికి తన మీద తనకే రోత పుట్టింది.

ఇవాళ పొద్దున్నే వెళ్ళి చెప్పేసి ఉండవచ్చు. కానీ ముందు సరిచేసి తర్వాత చెబితే పరువు కాస్తయినా దక్కుతుందని ఆయన ఆశ. అందుకే ఉలి పట్టుకుని, తను బిగించిన పలకలను తనే విరగ్గొట్టి తీశాడు. చట్రాలకు అడ్డకర్రలు వేసి, తాడు మెలిపెట్టి, కొంచెం కొంచెంగా కుడివైపుకు లాక్కొచ్చాడు. మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"మీ బావ పొద్దున్నించీ ఏమీ తినలేదురా. నిన్న మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా?"

"ఏం లేదక్కా. సాయంత్రం నేనొచ్చి మాట్లాడతాలే."

పొద్దు వాలుతుండగా దారం నడిమి గీత మీద పడింది. మేస్త్రి చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయలుదేరాడు. దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. "నీ పడవ తిన్నగానే ఉంది బావా, వంకర నాలోనే ఉంది" అందామనుకున్నాడు. దానికి బావ ఏమంటాడో తలచుకుని నవ్వుకున్నాడు కూడా.

అక్క ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇరుగుపొరుగు నలుగురు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. బావ కిటికీ పక్క కుర్చీలో గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. భుజాల దాకా దుప్పటి కప్పారు.

"కునుకు తీస్తున్నారనుకున్నానురా. లేపితే లేవలేదు," అంది అక్క.

మేస్త్రి కుర్చీ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అక్కా, పడవ వంకర కాదు. నేనే చెడగొట్టి బావ మీదికి తోశాను."

"వంకరని ఎవరన్నారు? మీ బావ నాతో ఏమీ అనలేదే," అంది అక్క. ఆమె కళ్ళు తుడుచుకుని, కిటికీ అంచు మీదున్న చెక్కను తీసి అతని చేతికిచ్చింది. "పడవ వెనక ఉండేది చూడు, ఇది. గోడ మీంచి దింపమన్నారు. సాండ్‌పేపర్ అడిగి తీసుకున్నారు. మెరుగు పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను."

చెక్క మీద ఉలితో చెక్కిన 'కట్టినవాడు' అనే మాట అలాగే ఉంది. దాని పక్కన, పేరు ఉండవలసిన చోట, చెక్క తెల్లగా, నున్నగా ఉంది.