మూగబోయిన డ్రైవు

పాత కంప్యూటర్లంటే కోడలికి ప్రాణం. జనం మూల పడేసినవాటిని కొని తెచ్చి, బాగుచేసి అమ్మడమే ఆమె వృత్తి. ఆమె చెయ్యి పడితే చచ్చిన మెషీను కూడా లేచి కూర్చుంటుందని పేరు. అంతటి చెయ్యీ ఇంట్లో ఒక్కదాని మీద మాత్రం పడలేదు. అది మామగారి టైపు బల్ల మీది కంప్యూటరు పెట్టె. దాని జోలికెళ్తే ఆయన ఊరుకునేవారు కాదు.

మామగారు వీధి గదిలో టైపు పని చేస్తారు. ఎదురు కుర్చీలో కూర్చుని జనం చెబుతుంటే ఆయన కొట్టి, అచ్చు తీసి ఇస్తారు. ఆయన వేళ్లకు వయసు రాలేదు గానీ పెట్టెకు వచ్చేసింది. అది హార్డు డిస్కు లేని కాలం నాటిది, ఉన్నవల్లా రెండు ఫ్లాపీ డ్రైవులు. పేజీ మారినా, కొట్టింది దాచమన్నా డ్రైవు గుర్రుగుర్రుమని మూలుగుతుంది. ఆ మూలుగు ఆగేలోపు ఓ కునుకు తీయొచ్చని, నోటీసులు కొట్టించుకునే ఒక వకీలు ఎద్దేవా చేసేవాడు. ఎద్దేవా చేస్తూనే వచ్చేవాడు పాపం. మిగతావాళ్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. చివరికి కొడుక్కి విసుగొచ్చి, ఆ గది అద్దెకిచ్చేస్తాననీ, ఒకాయనతో మాటైపోయిందనీ చెప్పేశాడు.

"చేతులు ఆడినన్నాళ్లు నా బల్ల కదపకురా," అన్నారు మామగారు. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే కోడలికి గుచ్చుకుంది.

ఆమెకు మొగుడి మీదా, పెట్టె మీదా సమానంగా కోపం వచ్చింది. మొగుణ్ణి బాగుచేయడం ఎలాగూ తన తరం కాదు, పెట్టెనైనా చేద్దామనుకుంది. బతిమాలి బామాలి మామగారిని ఒప్పించి, తన సరుకులోంచి చిప్పులు గుచ్చిన పాతకాలపు మెమరీ కార్డు ఒకటి తెచ్చి పెట్టె లోపల బిగించింది. అందులో కొంత భాగాన్ని డిస్కులా వాడుకోమని పెట్టెకు చెప్పింది. దాన్నే ర్యామ్ డిస్కు అంటారు. చెంచా ఉప్పు కావలసినప్పుడల్లా ఎవరైనా అటకెక్కుతారా, కావలసినవన్నీ ముందే దించి గట్టు మీద పెట్టుకుంటారు గానీ, ఇదీ అంతేనని మామగారికి చెప్పింది. కరెంటు పోతే గట్టు మీదున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, పని అయ్యాక ఒక మీట నొక్కి అంతా ఫ్లాపీలోకి ఎక్కించమని మరీ మరీ హెచ్చరించింది.

పెట్టె లేడిలా పరుగెత్తింది. పేజీలు కనురెప్ప వాల్చేలోపు మారిపోతున్నాయి. వకీలు ముచ్చటపడి ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మామగారు మాత్రం పెద్దగా సంతోషించినట్టు కనబడలేదు. పాత ప్రాణం, కొత్తదానికి అలవాటు పడాలిగా అని కోడలు సరిపెట్టుకుంది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. వకీలు పంపిన నోటీసులో కక్షిదారు పేరే ఎగిరిపోయింది. ఇంకొకరి అర్జీ మధ్యలో వాక్యాలకు తలలు లేవు, మొండేలు మాత్రం ఉన్నాయి. ఇలాంటి రోగం కోడలు ఎన్నడూ చూడలేదు. దాంతో ఆమెకు తిండి కూడా సయించలేదు. మెమరీ చిప్పులు ఒక్కొక్కటీ ఊడదీసి పరీక్షించింది, కార్డే మార్చి చూసింది. అన్నీ గుండ్రాళ్లలా ఉన్నాయి. పోయేవి ఎప్పుడూ దాచిన తర్వాత కొట్టే మొదటి మాటలే ఎందుకవుతున్నాయన్నది ఆమెకు అంతుబట్టలేదు. మెషీనుది తప్పయితే అంత పద్ధతిగా ఉండదు.

ఇక లాభం లేదని, ఒకనాటి ఉదయం వకీలు కుర్చీని తెర కనబడేలా పక్కకు జరిపి తనే కూర్చుంది. నోటికొచ్చిన ఉత్తరం ఒకటి చెప్పసాగింది. ఒక పేరా అయింది. మామగారు దాచే మీట నొక్కారు. పని క్షణంలో అయిపోయింది. ఆయన మాత్రం డ్రైవు వైపు చెవి ఒగ్గి కాసేపు ఆగారు. మీట పడలేదనుకున్నారో ఏమో, మళ్లీ నొక్కారు. ఏమీ మారలేదు, మళ్లీ దాచాలా, అవునా కాదా అని తెర అడిగింది. కోడలు తర్వాతి వాక్యం చెప్పింది. ఆయన టకటకా కొట్టుకుపోతున్నారు. ఒక్క అక్షరం తెర మీదికి రావడం లేదు. అవునో కాదో చెప్పే అక్షరం తగిలేదాకా ఆ ప్రశ్న అన్నిటినీ మింగేస్తోంది. మామగారు తెర వైపే ప్రశాంతంగా చూస్తున్నారు.

కోడలు చెప్పడం ఆపేసింది.

"మామయ్యా, తెర మీద ఏముంది?"

ఆయన వేళ్లు ఆగిపోయాయి. "పచ్చగా ఏదో వెలుగుతోందమ్మా. అంతే."

చూపు తగ్గి చాలాకాలమైందట. డ్రైవు ఒకసారి మూలిగితే పేజీ మారినట్టు, రెండుసార్లు మూలిగితే దాచినట్టు, దగ్గినట్టు ఆగి ఆగి మూలిగితే ఫ్లాపీ పాడైనట్టు. ఆ చప్పుళ్లతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. అచ్చు తీశాక మీరే చదువుకోండని ఆయన అంటే పొగరనుకున్నవాళ్లున్నారు. కొడుక్కి తెలిస్తే ఆ సాయంత్రానికే బల్ల బయట ఉంటుందని ఆయన భయం.

మేలు చేద్దామని పోయి ఆయన రెండు కళ్లూ పొడిచేశానని కోడలు ఏడ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. వేగమూ ఉండాలి, చప్పుడూ ఉండాలి. పెట్టె లోపల వేలెడంత స్పీకరు ఒకటి ఊరికే పడి ఉంది. చిన్న ప్రోగ్రాము రాసి దానికి పని పెట్టింది. పేజీ మారితే ఒక కూత, దాచితే రెండు, తెర ఏమైనా అడిగితే పొడుగ్గా ఒకటి. మామగారు నాలుగు పేరాలు కొట్టారు. ఒక్క మాట పోలేదు. "గొంతు సన్నబడింది గానీ అర్థమవుతోందమ్మా," అన్నారు నవ్వుతూ.

అప్పుడే కొడుకు లోపలికొచ్చాడు. మూలుగు వదిలించానని గొప్పలు చెప్పి, మళ్లీ ఈ కూతలెందుకు పెట్టావని పెళ్లాన్ని నిలదీశాడు. ఆమె ఏదో అబద్ధం వెతుక్కుంటోంది.

"నాకు కనబడదురా," అన్నారు మామగారు. "అది కూస్తేనే తెలుస్తుంది."

కొడుకు కుర్చీలో కూలబడ్డాడు.

"నన్ను చూసి ఎన్నాళ్లయింది నాన్నా?"

"నీ మొహం గుర్తుందిలేరా. ఈమధ్య కాస్త లావయ్యావు, మెట్లు చెబుతున్నాయి."

కొడుకు నవ్వబోయాడు గానీ నవ్వు ఏడుపులోకి తిరిగింది. కళ్లు తుడుచుకుని, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. ఆ తర్వాత ఫోను తీసి, గది మాట్లాడుకున్నాయనకు కలిపాడు.

"ఏమనుకోకండి. గది ఖాళీ లేదు. అందులో మా నాన్నగారు పని చేసుకుంటున్నారు."