పిట్టగోడ లేని వైపు

పన్నెండో అంతస్తు పైకప్పు మీద అతను తాడు ముడిని మూడోసారి లాగి చూశాడు. రెండుసార్లు చాలదా అని తోటివాళ్లు నవ్వారు. ఎత్తైన భవనాల బయటి గోడలకు ఇరవై ఎనిమిదేళ్లుగా రంగులు వేస్తున్నా ఒక్కసారీ జారలేదు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. చెవి వెనక ఎప్పుడూ ఒక తెల్ల రంగు చుక్క ఉండేది. ఎంత రుద్దినా పోదని భార్య, రోజూ కొత్తది పడుతుందని అతను. పనిలో అతని సూత్రం ఒక్కటే: పిట్టగోడ ఉన్న వైపు సంగతి గోడే చూసుకుంటుంది, ఏమీ లేని వైపు ముందు తాడు కట్టాలి.

మధ్యాహ్నం సెలవు పెట్టి దిగేసరికి బావమరిది స్కూటర్ మీద ఎదురు చూస్తున్నాడు. బట్టల దుకాణంలో లెక్కలు రాసే మనిషి. బావ పొదుపు సొమ్ము ఆ వారమే రంగుల కంపెనీ నుంచి చేతికొచ్చింది. ఇంటి మీద అప్పులు రెండు. ఇల్లు కట్టడానికి బ్యాంకులో తెచ్చింది పెద్దది, వడ్డీ తొమ్మిది శాతం. పై గదికి కార్మికుల సొసైటీలో తెచ్చింది చిన్నది, వడ్డీ ఆరు. ఈ సొమ్ముతో చిన్నది పూర్తిగా తీరుతుంది, పెద్దదైతే సగమే తగ్గుతుంది.

"బ్యాంకుకేగా, బావా?"

"సొసైటీకి పోనీ."

"తొమ్మిది వదిలేసి ఆరు తీర్చేవాణ్ణి నిన్నే చూస్తున్నా. అక్క నన్నూ కలిపి తిడుతుంది."

"బ్యాంకు అప్పుకు బీమా ఉంది. నాకేమన్నా అయితే మిగిలింది బీమావాళ్లే కడతారు. సొసైటీదానికి అదేం లేదు. తిన్నగా మీ అక్క మెడకు చుట్టుకుంటుంది."

"డబ్బు చేతికొచ్చిన రోజున ఆ మాటలేంటి బావా!"

"నీకు లెక్కలు తెలుసు, నాకు ఎత్తు తెలుసు. పోనీ."

సొసైటీవాళ్లు బాకీ లేదని రాసిచ్చిన రసీదును దారిలో నాలుగుసార్లు తీసి చూసుకున్నాడు.

"కొండంత అప్పు అక్కడుంటే దీన్ని తీర్చొచ్చారా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అంది భార్య.

"పై గది ఇక నీదే. ఎవడొచ్చి అడుగుతాడో చూస్తా."

ఆ గదిలోనే ఆమె కుట్టుమిషన్. పైకెళ్లే మెట్లకు వీధి వైపు పట్టుకోవడానికి ఏమీ లేకపోతే తన పాత తాడొకటి బిగించాడు. వచ్చే నెల ఇనుప కమ్మీలు పెట్టిస్తానన్నాడు. నవ్వు కనబడనీయకుండా, ఆ తాడు పట్టుకుని ఆమె పైకి వెళ్లింది.

రెండు జాకెట్లు కుట్టాక టీ తాగుతారా అని పైనుంచే అడిగింది. జవాబు రాలేదు. దిగివచ్చి చూస్తే కుర్చీలో తల పక్కకు వాలి ఉంది, రసీదు ఒళ్లో ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు గాల్లో వేలాడిన మనిషి నేలకు మూరెడు ఎత్తులో కూర్చుని వెళ్లిపోయాడు.

రెండు నెలలకు బ్యాంకు ఉత్తరం వచ్చింది. బీమా కింద అప్పు మొత్తం తీరిపోయింది, కాగితాలు తీసుకెళ్లమని. తమ్ముడు దాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

"బావ లెక్కే కరెక్టు, అక్కా."

"అప్పు నెత్తిన ఉన్నా ఆయనుంటే చాలురా," అని ఏడ్చింది. తరువాత చెంగుతో ముఖం తుడుచుకుని, పక్కింటివాళ్లకు కూడా వినిపించేలా అంది: "మా ఆయన ఎక్కడా జారలేదు."

కమ్మీలు బిగించడానికి వచ్చినవాడు తాడు కోయబోతే వద్దంది. కొత్త ఇనుము పక్కనే అది ఇంకా ఉంది, తెల్ల రంగు చుక్కలతో, మూడుసార్లు లాగి చూసిన ముడితో.