ఎనిమిది పేజీల బరువు

నేను ఒక పేపర్‌వెయిట్‌ని. అరచేతిలో ఇమిడే గాజు గుండుని. కడుపులో మూడు రంగుల పువ్వొకటి ఉంది గానీ దాన్ని చూసి మురిసిపోకండి. నాకొచ్చిన పని ఒక్కటే, కదలకుండా కూర్చోవడం. ఆ పనిలో నన్ను మించినవారిని ఒక్కరినే చూశాను. ఆయన నా మొదటి యజమాని.

ఉత్తరాదిలో ఎక్కడో గాజు కొలిమిలో పుట్టి, గడ్డి పరిచిన పెట్టెలో పడుకుని బెజవాడ చేరాను. ఏలూరు రోడ్డు పక్క సందులో పుస్తకాలు అచ్చువేసే పురుషోత్తం గారు నన్ను కొన్నారు. ఆయన గదిలో ఫ్యాను ఐదు మీద తిరిగితే రాతప్రతులన్నీ లేచి గోడలకు కొట్టుకునేవి. నచ్చినవి ప్రెస్సుకు పోయేవి, నచ్చనివి పోస్టులో వెనక్కి పోయేవి. అవుననీ కాదనీ చెప్పలేనివన్నీ నా కిందికి వచ్చేవి.

అలా వచ్చిందే సువార్తమ్మ నవల. ఆవిడ నూజివీడు పక్క పల్లెల్లో నర్సుగా చేసి రిటైరైంది. వాళ్ళమ్మ మరియమ్మ ఆ పల్లెలన్నిటికీ మంత్రసాని. ఎవరింట్లో ఏ బిడ్డ అడ్డం తిరిగిందో, ఏ తల్లి ఆఖరి మాటగా ఏం చెప్పిందో అన్నీ మరియమ్మ నోట్లోనే ఉండేవి. మంచాన పడ్డాక ఆవిడ చెబుతుంటే కూతురు రాసుకుంది. రాయడం పూర్తయిన నెలలోనే ముసలమ్మ కన్నుమూసింది.

"కాపీ ఒకటి ఉంచుకున్నావా అమ్మా?" అని పురుషోత్తం గారు అడిగారు.

"ఎందుకండీ? మీ దగ్గర భద్రంగానే ఉంటది గందా."

భద్రంగానే ఉంది, నా కింద, ఐదేళ్ళు! ఆవిడ ఎప్పుడొచ్చినా ఆయన "చూద్దాం లేమ్మా" అనేవారు. చెడ్డమనిషి కాదు సుమండీ. ఆ నవల రెండుసార్లు చదివారు. రెండోసారి పంచె చెంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను. కానీ గోడౌన్‌లో అమ్ముడుపోని పుస్తకాల కట్టలు కప్పుదాకా పేరుకున్నాయి. గ్రంథాలయాల వాళ్ళు కొనడం మానేశారు. ఇంకో పుస్తకం వేసే ధైర్యం ఆయనకు లేకపోయింది. చివరికి దుకాణమే మూసేశారు.

ఆ రోజు నన్నూ, నా కింది రాతప్రతినీ కలిపి తన ప్రూఫ్ రీడర్ రజాక్ గారి చేతిలో పెట్టారు. "నా వల్ల కాలేదు రజాక్. నువ్వన్నా ఏదో ఒకటి చెయ్యి."

ముప్పై ఏళ్ళు తప్పులు దిద్దిన రజాక్ గారు ఆ వయసులో కంప్యూటర్ నేర్చుకుని, విద్యాధరపురంలో తన ఇంటి ముందుగదిలోంచి ఇంటర్నెట్ పత్రిక ఒకటి మొదలుపెట్టారు. సంపాదకుడూ ఆయనే, కంపోజిటరూ ఆయనే, టీ తెచ్చుకునే ప్యూనూ ఆయనే. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి సువార్తమ్మ నవలలో ఒక అధ్యాయం సైట్లో పెట్టేవారు. అబ్బో, ఏం చదివారండీ జనం! మొదటివారమే వందమంది. మస్కట్‌లో పనిచేసే ఒకాయన "మా నాయనమ్మ నాకు బొడ్డు కోసిన కథ విన్నట్టుంది" అని రాశాడు. శనివారం పొద్దున్నే బస్సెక్కి సువార్తమ్మ వచ్చేది. రజాక్ గారు ఆ ఉత్తరాలన్నీ చదివి వినిపించేవారు.

"మా అమ్మ ఇన్నూళ్ళు తిరిగిద్దని ఎవరనుకున్నారు అన్నయ్య గారూ!" అని ఆవిడ పకపకా నవ్వి, అంతలోనే ఏడ్చేది.

ఇక్కడ రజాక్ గారి అలవాటొకటి చెప్పాలి. ప్రెస్సులో ఆఖరి ప్రూఫ్ మీద సంతకం పడగానే రాతప్రతి పని అయిపోయినట్టే. ఒకరిది ఇంకొకరి దాంట్లో కలవకుండా అడ్డంగా చింపి బుట్టలో వేసేవారు. అక్కడది తప్పు కాదు, అవతల వెయ్యి కాపీలు పుడుతుండేవి. ముప్పై ఏళ్ళ చేతి అలవాటు ఊరికే పోతుందా? నేరుగా సైట్లోనే టైపు చేసి, తప్పులు దిద్ది, అధ్యాయం పెట్టగానే ఆ కాగితాలు అడ్డంగా చింపేసేవారు. వారం వారం నేను బల్లకు దగ్గరవుతూ వచ్చాను. మొద్దు గాజుని, అదేదో సుఖమనుకున్నాను!

ఇరవైరెండు అధ్యాయాల్లో ఇరవైఒకటి వెలువడ్డాయి. ఆఖరి అధ్యాయం పెట్టాల్సిన శుక్రవారం, మసీదులో నమాజుకు ముందు వజూకని కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ రజాక్ గారు కూలిపోయారు. మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు.

సైటుకు ఏటా కట్టాల్సిన రుసుము సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. గుర్తుచేసే ఉత్తరాలు పోయినాయన ఈమెయిలుకే వచ్చాయి. పాస్‌వర్డ్ అనే తాళం మాట ఆయనతోనే పోయింది. నాలుగు నెలలకు సైటు మాయమైంది. ఆ రోజు కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది, నేను కూర్చునే ఉన్నాను. నవలను ఎగరేసుకుపోయిన గాలి నాకు తెలిసిన గాలి కాదు.

నవల తెరుచుకోవడం లేదని సువార్తమ్మ పరుగున వచ్చింది. "వదినా, అన్నయ్య గారి గదిలో మా అమ్మ కాగితాలుండాల."

రజాక్ గారి భార్య ఖైరున్నీసా తల దించుకుంది. "చింపి బుట్టలో వేసేవారు వదినా. నేనే ఊడ్చి పారేశాను. నాకేం తెలుసు!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత ఖైరున్నీసా నన్ను పైకెత్తింది. నా కింద ఆఖరి అధ్యాయం, ఎనిమిది పేజీలు మిగిలాయి.

సువార్తమ్మ ఊరుకోలేదు. తెలిసిన పాఠకులందరికీ ఫోన్లు చేయించింది. అందరూ చదివారు, ఒక్కరూ దాచుకోలేదు. ఆఖరికి నన్నూ, ఆ పేజీలనూ చేతిసంచిలో పెట్టుకుని పురుషోత్తం గారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో గోడౌన్ నుంచి తెచ్చిన పుస్తకాల కట్టలు అలాగే ఉన్నాయి. ఎవరూ చదవని పుస్తకాలు అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందరూ చదివిన పుస్తకం ఎక్కడా లేదు.

"నేనే అచ్చేసి ఉంటే ఎవరింట్లోనో ఓ కాపీ దొరికేదమ్మా," అన్నారాయన, ఆవిడ మొహం చూడలేక. "మళ్ళీ రాయరాదూ?"

"ఎట్టా రాస్తానండీ? చెప్పింది మా అమ్మ. నేను రాసుకున్నానంతే."

ఇప్పుడు నేను సువార్తమ్మ ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద ఉంటున్నాను. రోజూ మధ్యాహ్నం ఆవిడ ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చెమటలు కారుతున్నా సరే నన్ను తీసి పక్కన పెట్టి, ఆ ఎనిమిది పేజీలూ పైకి చదువుకుంటుంది. చివరి పేజీలో మంచం మీది మరియమ్మ కూతుర్ని అడుగుతుంది: "నే చెప్పిందంతా రాసుకున్నావటే?"

అక్కడ నవల అయిపోతుంది.

"రాసుకున్నానే అమ్మా," అని సువార్తమ్మ రోజూ జవాబు చెబుతుంది. చెప్పి, కాగితాల అంచులు సరిచేసి, నన్ను వాటి మీద పెడుతుంది.