రోహిణి గొంతు

మా అమ్మ పుణ్యవతి మంచిది. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇదంతా విన్నాక మీకు ఆవిడ మీద కోపం వస్తుంది. నాకైతే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆవిడ చేసిందంతా కొడుకు మీద ప్రేమతోనే చేసింది. అది నేను కాదనలేను.

నా తమ్ముడు ఆదర్శ్‌కి స్కిజోఫ్రెనియా. నాలాగే మాదాపూర్‌లో ఉద్యోగం చేసేవాడు. ఒకరోజు మీటింగ్ మధ్యలో లేచి నిలబడి, "మీరంతా నా గురించి గుసగుసలాడుతున్నారు, నాకు వినబడుతోంది" అన్నాడట. అప్పటినుంచి ఇంట్లోనే ఉన్నాడు. మందులతో చెవిలో గొంతులు తగ్గాయి గానీ, వాటితోపాటు మనుషుల గొంతులూ పోయాయి. స్నేహితులు మొదట్లో ఫోన్ చేశారు, తర్వాత పండగలకి మెసేజ్ పెట్టారు, ఆ తర్వాత అదీ మానేశారు. నిజాంపేటలో మా ఫ్లాట్ చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. వీడు మాత్రం బాల్కనీ తలుపు కూడా తెరిచేవాడు కాదు.

వైద్యం చేసే హాస్పిటల్ వాళ్లే వాడి ఫోన్‌లో ఒక యాప్ వేసి ఇచ్చారు. ఇలాంటి జబ్బున్నవాళ్లని ఇద్దరిద్దరిగా జత కలుపుతుంది. మొహాలు కనబడవు, నంబర్లు ఇచ్చుకోకూడదు. గొంతు రికార్డు చేసి ఒకరికొకరు పంపుకోవాలి, అంతే. రోజూ ఒక చిన్న పని కూడా చెబుతుంది: కిందికి వెళ్లు, ఒకరిని పలకరించు, ఏం చూశావో నీ జతకి చెప్పు. కౌన్సెలర్ నీహారిక గారు ఇదంతా ఓపిగ్గా వివరిస్తుంటే నేను లోపల్లోపల నవ్వుకున్నాను. పొద్దస్తమానం యాప్‌లు తయారుచేసే దాన్ని, వాటి బతుకేమిటో నాకు తెలియదా.

వాడి జత తెల్లాపూర్‌లో ఉంటుంది, పేరు రోహిణి. మొదటిరోజు ఆ అమ్మాయి పంపిన మాట ఇది: "నమస్తే. ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు. అన్నం తిన్నవా?"

వాడు దాన్ని మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు. సాయంత్రం దాకా ఆలోచించి, "తిన్నాను. బీరకాయ కూర" అని పంపాడు.

అలా మొదలైంది. నేను గోడకి ఇవతల కూర్చుని వినేదాన్ని. వినకూడదు, తెలుసు, అయినా వినేదాన్ని. "నీ లోపటోళ్లు ఇయ్యాల లేచిన్రా?" అని అడిగేది ఆ పిల్ల, మేనమామల క్షేమం అడిగినట్టు. "లేచారు. పెద్దగా అరవట్లేదులే" అనేవాడు వాడు. "మావోళ్లు పొద్దుగాల్నుంచి ఒకటే లొల్లి. జర నువ్వేమన్న మాట్లాడు, వాళ్లది ఇనబడకుంట." అంతే, వాడు మాట్లాడేవాడు. మాతో 'ఊ', 'ఆ' తప్ప అననివాడు, కిటికీ సజ్జ మీద పావురం గూడు కట్టిన సంగతి కూడా విడమరిచి చెప్పేవాడు. నాకు ఏడుపొచ్చేది. వాడిని ఆ గొంతుల సంగతి అడగాలంటేనే మాకు ఇన్నేళ్లూ భయం. ఆ పిల్ల ఎంత తేలిగ్గా అడిగేసిందో.

ఆమెకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని వాడు కిందికి దిగడం మొదలుపెట్టాడు. పెరుగు పాకెట్ తెచ్చాడు. ఇంకోరోజు కూరగాయల బండి దగ్గర బేరమాడాడు. ఇస్త్రీ బండి గంగమ్మ నన్ను ఆపి, "మీ తమ్ముడు ఇయ్యాల నన్ను మంచిగున్నవా అని అడిగిండమ్మా" అంది. నేను ఆఫీసుకి వెళ్లేదాకా క్యాబ్‌లో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

కొన్నాళ్లకి నీహారిక గారు, ఇళ్లవాళ్లు తోడుంటే ఒకసారి కలవొచ్చు అన్నారు. ఆదివారం పొద్దున గచ్చిబౌలి దగ్గర ఒక పార్కుకి వెళ్లాం. మేం ముగ్గురం, నీహారిక గారు, అటు రోహిణి, వాళ్ల నాన్న ఎల్లేశం గారు. సన్నగా, పొడుగ్గా ఉంది పిల్ల. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ తలెత్తలేదు. ఇద్దరూ ఒకే బెంచీకి చెరో చివర కూర్చున్నారు. కాసేపటికి రోహిణి ఫోన్ తీసి, అటు తిరిగి, మెల్లగా ఏదో రికార్డు చేసి పంపింది. వీడు ఇటు తిరిగి విన్నాడు. నవ్వాడు. జవాబు రికార్డు చేసి పంపాడు. పక్కపక్కన కూర్చుని ఫోన్లలోనే కబుర్లు చెప్పుకున్నారు, ఎండ ముదిరేదాకా. వాడు పళ్లు కనబడేలా నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

ఆ నవ్వు అమ్మ కూడా చూసింది. తంటా అక్కడే వచ్చింది. ఎల్లేశం గారి పక్కన చేరి ఊరూ పేరూ అడిగి నంబరు తీసుకుంది. తిరిగి వస్తుంటే క్యాబ్‌లో నా చెవి దగ్గర, "పిల్ల బాగుంది కదే ఉదయా" అంది.

"అమ్మా, ఆ ఆలోచన పెట్టుకోకు."

"నేనేమన్నానే? మనవాళ్లు కాదనుకో. ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తున్నారు?"

ఎవరింటికి పేరంటానికి వెళ్లినా ముందు ఇంటిపేరు ఆరా తీసే మా అమ్మ ఆ మాట అంది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అట" అని విసుక్కున్నాను.

"మీ నాన్న లేరు. రేపు నీకో సంసారం వస్తుంది. నేను పోయాక వాడికి అన్నం తిన్నావా అని అడిగేదెవరే?" అంది. నేను కిటికీ అద్దం దించి బయటికి చూశాను.

పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదని మనకో సామెత. నవ్వుకోవడానికి పుట్టిన సామెత అది. మా వాళ్లు మాత్రం రెండో సగం వదిలేసి, మొదటి సగాన్ని డాక్టరు చీటీలా పట్టుకుంటారు. ఆ శుక్రవారం నేను ఆఫీసులో ఉండగా అమ్మ పట్టుచీర కట్టుకుని, పూలు, పళ్లు, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క పళ్లెంలో సర్దుకుని తెల్లాపూర్ వెళ్లింది. నాకు చెప్పలేదు. ఆదర్శ్‌కీ చెప్పలేదు. ఆ పిల్ల ఎదురుగానే సంబంధం అడిగింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఆ పళ్లెం అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఆ పిల్ల ఒక్కసారి అరిచి లోపలికి పరిగెత్తిందే. వాళ్లు నన్ను వెళ్లిపొమ్మన్నారు" అంది.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి నేను వెళ్లాను. ఎల్లేశం గారు గేటు దగ్గరే నిలబడి మాట్లాడారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"మీ అమ్మ చెడ్డదని అంటలేను బిడ్డా. మా పిల్లకు గీ మందు మేం ఒకపారి ఏసి చూసినం. పెండ్లి జేస్తే మంచిగైతదన్నరు. జబ్బు సంగతి చెప్పకుంట జేసినం. మూడు నెల్లకే తీస్కొచ్చి దింపిపోయిన్రు. ఆ ఇంట్ల ఏం జేసిన్రో గిప్పటికీ నోరిప్పి చెప్పదు. నిన్న గా పూలు, పసుపు జూడంగనే స్నానాల గదిల వడి గొళ్లెం వెట్టుకున్నది. తలుపు పగలగొట్టి తీసినం. ఇప్పుడు దవాఖానల ఉన్నది."

"ఆదర్శ్‌కి ఏమీ తెలియదండీ. వాడు అడగమనలేదు. ఆ ఒక్క మాట తనకి చెప్పండి."

"నాకు తెల్సు. గాయనకు నా తోని పనేం లేదు బాపూ, ఉత్తగ మాట్లాడ్తడంతే, అని మా పిల్ల మస్తు సంబురంగ చెప్పేది. ఇప్పుడు గా మాటనే నమ్ముతలేదు. గాయన కూడ గిందుకేనా బాపూ, అంటున్నది." ఆయన గేటు గడియ వేశారు. "ఫోన్ జూస్తేనే వణుకుతున్నది. అన్నీ తీసేయమని ఆ మేడమ్‌కు చెప్పిన. ఇగ మీరు రాకున్రి బిడ్డా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఇంటికి తిరిగొచ్చాను.

ఆ యాప్‌లో ఒక నియమం ఉంది. ఎవరైనా తప్పుకుంటే వాళ్ల మాటలన్నీ రెండు ఫోన్లలోంచీ చెరిగిపోతాయి. జబ్బున్నవాళ్ల గుట్టు బయటపడకుండా పెట్టిన నియమం. నేను రాసినా అలాగే రాసేదాన్ని. ఆదర్శ్ పొద్దున లేచి యాప్ తెరిస్తే అక్కడ ఏమీ లేదు. మొదటి 'నమస్తే' కూడా లేదు. రోహిణికి ఒంట్లో బాగాలేదని, హాస్పిటల్లో ఉందని, వాళ్లు తప్పుకోవడంతో యాప్ అన్నీ చెరిపేసిందని చెప్పాను. నీహారిక గారు కూడా ఫోన్ చేసి అదే చెప్పారు. వాడు విన్నాడు, తలూపాడు. కొన్నాళ్లపాటు ఆ ఫోన్‌నే తిరగేస్తూ కూర్చున్నాడు. మళ్లీ కిందికి దిగలేదు.

ఒక మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వాడు అన్నం కలుపుతూ, "నాకు అర్థమైంది అక్కా" అన్నాడు.

"ఏమర్థమైందిరా?"

"గొంతు నిజమా కాదా అని అనుమానం వస్తే రికార్డు చేసి మళ్లీ వినమని డాక్టర్ గారు చెప్పారు కదా. ఫోన్‌లో ఉంటే బయటిది, లేకపోతే లోపలిది. అంతా వెతికాను. ఒక్క ముక్క కూడా లేదు. రోహిణి కూడా లోపలిదే." చాలా నెమ్మదిగా చెప్పాడు. "మిగతావాళ్లలా తిట్టేది కాదు. అందుకే పోల్చుకోలేకపోయాను."

"అవి యాప్ చెరిపేసిందని చెప్పాం కదరా. పార్కులో మేమంతా చూశాం. నీ పక్కనే కూర్చుంది" అన్నాను.

"నేను బాధపడకూడదని అంటారు మీరు. జబ్బు కొత్తలో పక్కింటివాళ్లు తిడుతున్నారని నేనంటే, అవును నాన్నా, గట్టిగా మందలించి వస్తానుండని అమ్మ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లేది. అక్కడెవరూ తిట్టట్లేదు కదా."

అది నిజమే. అప్పట్లో మాకు అంతకంటే తెలియలేదు.

అమ్మ కంచం పక్కకి నెట్టింది. "ఉందిరా నాన్నా. నిజంగా ఉంది. నేను వాళ్లింటికి వెళ్లాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. పట్టుచీర, పళ్లెం, పిల్ల అరిచిన అరుపు, గొళ్లెం, పగలగొట్టిన తలుపు, ఏదీ దాచలేదు. "నా వల్లే పోయిందిరా. దాన్ని నేనే నీకు లేకుండా చేశాను" అని ఎంగిలి చేత్తోనే తల కొట్టుకుంది.

నేను వాడి మొహమే చూస్తున్నాను. కోప్పడాలని కోరుకున్నాను. కంచం విసిరేసినా, అమ్మని నానా మాటలూ అన్నా సంతోషించేదాన్ని. అమ్మ మీద కోపం వచ్చిందంటే రోహిణి ఉందని నమ్మినట్టే.

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. గ్లాసుతో నీళ్లు తెచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతిని తల మీంచి దించి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"నాకూ మొదట్లో ఇలాగే ఉండేదమ్మా" అన్నాడు. "నా వల్లే ఎవరికో ఏదో అయిపోయిందని అనిపించేది. అన్నీ కళ్లారా చూసినట్టే ఉంటాయి. నువ్వు భయపడకు. మంగళవారం నాతోపాటు రా, డాక్టర్ గారికి చెబుదాం."

అమ్మ నా వైపు చూసింది. తర్వాత వాడు తెచ్చిన నీళ్లు తాగి, "వస్తాను నాన్నా" అంది.