పగటి కాపలా

ఆ వీధిలో నెల తిరక్కుండా మూడు దొంగతనాలు జరిగాయి, మూడూ పట్టపగలే. పెద్దవాళ్లు పనికీ పిల్లలు బడికీ వెళ్లాక ఇళ్లు ఖాళీ అయ్యే వేళలో. మూడోది కుట్టుపనావిడ ఎదురింట్లోనే. అవతల ఇల్లంతా ఊడ్చుకుపోతుంటే తను కిటికీ దగ్గర తలొంచుకుని గుండీలు కుడుతూ కూర్చుందన్న మాట తలుచుకుంటే, ఆవిడకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మూడోరోజు ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఇంటికి రెండు గంటలు కాపలా, మనిషికో ఈల. పోలీసు అధికారి ఒక్కటే షరతు పెట్టాడు: చూడండి, రాసుకోండి, మాకు ఫోన్ చేయండి, చెయ్యి మాత్రం వేయకండి.

"చూసి రాసుకోవడానికి మనమేమన్నా గుమస్తాలమా అమ్మాయ్?" అన్నాడు హారన్ బాబాయి. ముప్పయ్యేళ్లు లారీ తోలిన మనిషి. ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినపడుతుంది.

"గుమస్తాలమే బాబాయ్. అంతకుమించి వద్దు."

మూడో వారం, ఆవిడ వంతు. మధ్యాహ్నం పన్నెండు దాటాక, ఆ వీధిలోనే ఉండే నర్సు ఇంట్లోంచి ఓ కుర్రవాడు సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నర్సు డ్యూటీలో ఉంది, ఫోనెత్తలేదు. పోలీసులు ఇరవై నిమిషాల్లో వస్తామన్నారు. ఆవిడ ఫోన్ పెట్టేసేలోపే హారన్ బాబాయి ఈల మోగింది.

ఆవిడ పరుగెత్తుకెళ్లేసరికి పదిమంది చుట్టుముట్టేశారు. "గీజర్ బాగుచేయడానికొచ్చానండీ, ఆ అమ్మగారే తాళం ఇచ్చారు," అంటున్నాడు వాడు. ఎవరో చెంప పగలగొట్టారు. పెదవి చిట్లింది. బాబాయి చేతిలో ఇనపరాడ్డు ఉంది.

ఆవిడ వాణ్ని మెట్ల మీదికి లాగి, తను అడ్డం నిలబడింది.

"పక్కకి జరుగమ్మాయ్."

"నర్సు వదిన చెప్పేదాకా జరగను. వీడు దొంగో కాదో నీకు తెలుసా?"

రాడ్డు లేచింది. వాడి తల మీద పడాల్సిన దెబ్బ ఆవిడ మోచేతి మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. ఒక్కసారిగా అందరూ ఓ అడుగు వెనక్కి వేశారు. అప్పుడే నర్సు నుంచి ఫోన్ వచ్చింది. గీజర్ బాగుచేసేవాణ్ని పిలిచావా అని అడిగింది ఆవిడ.

"వదినా, నేనెవర్నీ పిలవలేదే," అంది నర్సు. "నా గీజర్ బాగానే ఉందిగా."

పదిమందీ ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు. వెనక నుంచి కుర్రవాడి ఊపిరి మెడకు తగులుతోంది. ఆ మాట వాడికీ వినపడింది. అదే మాట మిగతావాళ్ల చెవిన పడితే వాడి ప్రాణం దక్కదని ఆవిడకు అర్థమైంది.

"సరే వదినా," అని ఫోన్ పెట్టేసి, అందరికీ వినపడేలా అంది. "రోగి దగ్గర ఉందట. కాసేపాగి చెప్తానంది."

ఆ తర్వాతి పన్నెండు నిమిషాలూ ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు.  పోలీసులొచ్చి సంచి విప్పితే నర్సు గొలుసుతో పాటు ఎదురింటివాళ్ల వాచీ కూడా బయటపడింది.

అబద్ధం సంగతి సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది. దొంగను వెనకేసుకొచ్చిందన్నారు. నర్సు గుమ్మంలోకి వచ్చి, "నా ఇల్లు దోచినవాడి కోసమా వదినా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.  కుట్టుపనావిడ చేతికి కట్టుతో రెండు వారాలు కుట్టుమిషను జోలికే వెళ్లలేకపోయింది.

ఆదివారం కాపలా సమావేశానికి పదకొండు ఇళ్లలో ఆరిళ్లవాళ్లే వచ్చారు. హారన్ బాబాయి అందరూ వెళ్లేదాకా ఆగి, కట్టు వంక చూడకుండా నేల చూస్తూ అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఆవిడ ఎన్నడూ వినలేదు.

"ఆవేళ నువ్వు నిజం చెప్పుంటే నేను ఆగేవాణ్ని కాదు."

"తెలుసు బాబాయ్."

 వెళ్లబోతూ, మంగళవారం కాపలా తన వంతేనా అని అడిగాడు. అవునంది ఆవిడ.